నీలం అన్నాడు

హూజుమ్‌లో మేం దాన్ని ఎర్ర క్యాబేజీ అంటాం.
పెళ్లయి పస్సావు వచ్చిన మొదటి ఆదివారం
అదే గడ్డను, నేరేడుపండు రంగు గడ్డను,
మా అత్త నీలి క్యాబేజీ అంది.
చూపు మందగించిందేమో అనుకున్నాను.

నేను ఉడుకుతుండగా వెనిగర్ చిలకరిస్తాను.
ఆవిడ చిటికెడు సోడా విదిలిస్తుంది.
గిన్నెలో ఉన్నది ఒకటే కూర. ఊళ్లే రెండు.

మధ్యలో కోర్బినియన్ నలిగాడనుకుంటారేమో, లేదు.
నలభై ఒక్క ఏళ్లు నా ఎర్ర కూర తిని
ఎర్రబడ్డ మీసం తుడుచుకుంటూ
"నీలం బాగా కుదిరింది" అన్నాడు.

చివరి ఏడాది అత్తకు నిజంగానే చూపు పోయింది.
చెంచా నోట్లో పెట్టుకుని, కాసేపాగి,
"ఇవాళ ఎర్రగా ఉంది" అంది.
కోపంతో కాదు.

ఇవాళ మనవరాలు ఫిన్యా
నా వంటగదంతా జామ్ సీసాలు పరిచింది.
ఆకులు చించి వేడినీళ్లలో నానబెట్టింది.
వాన రాబోయే సాయంత్రంలా ఉన్నాయి ఆ నీళ్లు.
నిమ్మరసం పిండితే, బుగ్గ గిల్లినట్టు గులాబి.
సోడా వేస్తే, సిరా.
బట్టల సబ్బు నీళ్లు కలిపితే, పాచి పట్టిన పచ్చ.
"అన్నీ రుచి చూసి చెబుతోంది నానమ్మా,
నాలుక లేకుండానే!"
నోట్సులో రాసుకుంది: ఆమ్లం. క్షారం.
ఒక అక్షరం తప్పింది. దిద్దలేదు.

తర్వాత ఎర్రదాన్నీ నీలాన్నీ ఒకే గిన్నెలో గుమ్మరించింది.
బుస్సున పొంగి బల్లంతా నురుగు,
బల్ల అంచు దాటి నా చెప్పుల్లోకి.
నురుగు దిగాక చూస్తే మళ్లీ అదే నేరేడు రంగు.
ఎవరూ గెలవలేదు.
ఆ సంగతి ఒక జామ్ సీసా నాకు ముందే చెప్పి ఉంటే
అత్తతో ఎన్ని ఆదివారాలు మిగిలేవో.

మా కిటికీ కింద మూడు నదులు కలుస్తాయి.
అడవి బురదనేలల్లోంచి ఇల్జ్ నల్లగా వస్తుంది,
సున్నపు కొండల చలువతో ఇన్ పచ్చగా వస్తుంది,
డాన్యూబ్ ఏ రంగో దానికే తెలీదు.
కలిశాక కూడా కొంత దూరం
పక్కపక్కనే, ముట్టుకోనట్టే పోతాయి.
పడవవాళ్లు అది చూపించే డబ్బులు తీసుకుంటారు.

"కెటిల్‌లో ఈ తెల్లదేంటి?"
అప్పటికే ఫిన్యా చెయ్యి మణికట్టు దాకా లోపలుంది.
ఈ ఊరి నీళ్లు పెట్టే సున్నం.
నెలకోసారి కోర్బినియనే వదిలించేవాడు.
నా వెనిగర్ సీసా అతను ముట్టేది అప్పుడొక్కటే.
ఆ నెల వంతు రాకముందే పోయాడు.
రెండు చలికాలాలు.
పైపొరలన్నీ నేనొక్కదాన్నీ తాగిన టీలు.
అన్నిటికంటే అడుగున, గోరంత మందాన,
ఇద్దరికీ కాచిన నీళ్లు.

"వెనిగర్ పోస్తే పోతుంది కదా?"
పోతుంది.
"రెండు చెంచాలే" అన్నాను.

ఇద్దరం చెవి ఆనించి విన్నాం.
రాయి ఊపిరి వదులుతోంది, సన్నగా,
నిద్రలో మనిషి పెదవులు విప్పినట్టు.
రాత్రంతా అలాగే ఉంచాం.
పొద్దున కాసిని నీళ్లు కలిపి ఒకసారి మరిగించాం.
చింత చచ్చినా పులుపు చావదంటారు.
చస్తుంది. చల్లారాక వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను,
చప్పగా, ఎక్కడో కొంచెం చేదు.
పైన కొంత కరిగింది. అడుగుపొర అలాగే ఉంది.
దాని దాకా రాకముందే పులుపు అయిపోయింది.

ఫిన్యా ఆ నీళ్లు క్యాబేజీ రసంలో ఒంపి
సీసాను కిటికీకేసి ఎత్తి పట్టుకుంది.
"ఏ రంగు?" అంది పెన్సిల్ కొరుకుతూ.
ఊదా, అన్నాను.
"కాదు, సరిగ్గా చూడు."
చూశాను. నది మీది వెలుతురు
సీసాలోంచి వచ్చి నా చేతి మీద పడింది.
రాసుకో, అన్నాను.
నీలం.